ఈఎంఐ కట్టి కొన్న ఫోన్.. ఆఫీసుకి పేజర్ అయిపోయిందా?

ఫ్రెండ్స్, ఈసారి నేను రాయాల్సిన టాపిక్ వేరు. 120 హెర్ట్జ్ డిస్‌ప్లేకి, 144 హెర్ట్జ్ డిస్‌ప్లేకి తేడా మన కంటికి నిజంగా తెలుస్తుందా అని ఒక ఆర్టికల్ సగం టైప్ చేసి పెట్టుకున్నాను. దాన్ని పక్కన పెట్టేశాను. రెండు నెలల క్రితం ఒక రాత్రి నా ఫోన్ చేసిన పని, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక సీనియర్ ఇంజినీర్ అన్న మాట, ఈ రెండూ బుర్రలోంచి పోవట్లేదు. గ్యాడ్జెట్స్ అంటే పడిచచ్చే మనలాంటి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం అనిపించి రాస్తున్నాను.

ఆ రాత్రి ఏమైందంటే

మాది పేట్ బషీరాబాద్. మేడ్చల్ హైవే మీద సుచిత్ర దాటాక, కొంపల్లి రాకముందే వస్తుంది. అమ్మానాన్నలతో కలిసి ఉంటాను. ఆఫీసు గచ్చిబౌలిలో. సిటీలోంచి వెళ్లినా, కండ్లకోయ దగ్గర ఔటర్ ఎక్కినా పాతిక కిలోమీటర్లకి తగ్గదు. ట్రాఫిక్ బాగుంటే రానూ పోనూ రెండున్నర గంటలు, వర్షం పడితే లెక్క లేదు. అందుకే రిలీజ్ ఉన్న రోజు కొండాపూర్‌లో ఫ్రెండ్ రూమ్‌లో ఆగిపోతుంటాను.

బీటెక్ అయ్యాక నాలుగేళ్లుగా బ్యాకెండ్ టీమ్‌లో పని చేస్తున్నాను. మా టీమ్‌లో నలుగురం. వారానికొకరు ఆన్‌కాల్. అంటే ఆ వారం రాత్రి ఎప్పుడు సిస్టమ్‌లో తేడా వచ్చినా, ఆ మనిషి ఫోన్ మోగుతుంది. ఐదు నిమిషాల్లో లేచి 'చూశాను' అని నొక్కాలి. నొక్కకపోతే అలర్ట్ మేనేజర్‌కి వెళ్తుంది.

నా ఫోన్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉంటుంది. ఆ గోడ దాటి రావడానికి నేను పర్మిషన్ ఇచ్చింది ఒక్క యాప్‌కే. ఆఫీసు అలర్ట్ యాప్. కాల్స్ అన్నీ బ్లాక్. ఆండ్రాయిడ్‌లో 'రిపీట్ కాలర్స్' అని ఒక ఆప్షన్ ఉంటుంది. ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే, డీఎన్‌డీ ఉన్నా మోగుతుంది. క్రెడిట్ కార్డుల వాళ్లు వెంటవెంటనే రెండుసార్లు చేస్తున్నారని దాన్ని కూడా ఎప్పుడో ఆఫ్ చేశాను.

ఆ రోజు రిలీజ్. ఒంటిగంటకి పని అయ్యింది, పడుకున్నాను. నాలుగింటికి అలర్ట్ మోగింది. ఒక సర్వర్‌లో డిస్క్ 80 శాతం నిండిందట. పొద్దున తీరిగ్గా చూసుకున్నా ఏమీ కాదు. దాన్ని నొక్కి మళ్లీ పడుకోబోతుంటే కింద కనిపించింది, అమ్మ నుంచి ఏడు మిస్డ్ కాల్స్. మొదటిది 1:50కి.

నాన్న బాత్రూమ్‌లో జారిపడ్డారు. కాలు విరిగింది. అమ్మ నాకు చేసి చేసి, చివరికి మూడో అంతస్తులో ఉండే అంకుల్ తలుపు కొట్టింది. ఆయనే కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. నేను చేరేసరికి ఎక్స్‌రే కూడా అయిపోయింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, ఇప్పుడు నాన్న వాకర్‌తో నడుస్తున్నారు. బాగానే ఉన్నారు.

కానీ ఒక విషయం మింగుడు పడలేదు. సర్వర్‌లో డిస్క్ నిండుతోందని చెప్పడానికి నా ఫోన్ నన్ను నిద్ర లేపింది. నాన్న పడిపోయారని చెప్పడానికి లేపలేదు. ఫోన్ తప్పేమీ లేదు. నేను పెట్టిన సెట్టింగ్స్ ప్రకారమే అది పని చేసింది.

అంకుల్ పేజర్ కథ

నాన్నని చూడ్డానికి అంకుల్ ఆదివారం వచ్చారు. ఆయన వయసు యాభై ఐదు దాటింది. మేడ్చల్ దగ్గరి ఊరే. ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉన్న రోజులు చూసిన మనిషి. తొంభైల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, 1998లో అమెరికా వెళ్లి, డాట్‌కామ్ కంపెనీలు పడిపోయాక వెనక్కి వచ్చి, ఇక్కడే ఇరవై ఏళ్లు పని చేశారు. ఆయన అమెరికా వెళ్లిన ఏడాదే, నవంబర్‌లో, అప్పటి ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. పోయినేడు ఆయన ఉద్యోగం ఆగిపోయింది. "రిటైర్ అయిన్నని మందికి చెప్తున్న. నిజానికి ఇంటికి పంపిన్రు" అని నవ్వుతూనే అంటారు.

ఆ రోజు నేను సిగ్గుపడుతూ జరిగింది మొత్తం చెప్పాను. డీఎన్‌డీ, అలర్ట్ యాప్, అన్నీ. ఆయన నా ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అడిగారు.

"ఇది ఎంతకు కొన్నవ్ బిడ్డా?"

"యాభై రెండు వేలు అంకుల్. ఇంకా నాలుగు ఈఎంఐలు ఉన్నాయి."

"నేను న్యూజెర్సీల ఉన్నప్పుడు నాకు పేజర్ ఇచ్చిన్రు. కంపెనీ కొన్నది, కంపెనీ బిల్లు కట్టేది. నా డ్యూటీ వారం అయిపోతే సోమవారం పొద్దుగాల పక్కోని టేబుల్ మీద పెట్టి వచ్చేటోణ్ణి. ఇగ అది ఎంత మొత్తుకున్నా నాకు సంబంధం లేదు. నువ్వు నీ పైసలతోని పేజర్ కొని, నువ్వే బిల్లు కట్టి, వాళ్లకు ఇచ్చినవ్. సోమవారం ఎవరి టేబుల్ మీద పెడ్తవ్?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

మనం ఫోన్ రివ్యూల్లో బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది, తక్కువ వెలుతురులో ఫొటో ఎలా వస్తుంది, అన్నీ చూస్తాం. ఈ ఫోన్ రాత్రి ఎవరి మాట వింటుంది అన్నది మాత్రం చూడం. పేజర్‌కి ఒకటే పని, ఒకటే యజమాని. ఫోన్‌కి ఇద్దరు యజమానులు. ఆ ఇద్దరి మధ్య గీత గీసే పని మనమే చేయాలి.

"తర్వాత చూద్దాం" అనే బగ్

అంకుల్‌కి ఇష్టమైన టాపిక్ వై2కె. మనలో చాలామందికి అదొక మీమ్ మాత్రమే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మెమరీ ఖరీదైన కాలంలో ప్రోగ్రామర్లు సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచారు. 1975 అంటే 75. రెండు అంకెల చోటు మిగిలింది. 2000 వచ్చేసరికి 00 అంటే 1900నా, 2000నా అన్నది కంప్యూటర్‌కి తెలియదు. బ్యాంకు వడ్డీ, బీమా, పింఛన్, తేదీతో లెక్క ఉన్న ప్రతి చోటా సమస్యే. దాన్ని సరిచేయడానికి కోబాల్ తెలిసినవాళ్లు కావాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి వేలమంది విమానం ఎక్కిన కారణాల్లో ఇదొకటి.

పూర్తి పరిష్కారం ఏంటంటే, ప్రతి చోటా సంవత్సరాన్ని నాలుగు అంకెలకి పెంచడం. దానికి టైమ్ పడుతుంది. అందుకే చాలా చోట్ల 'విండోయింగ్' అనే షార్ట్‌కట్ వాడారు. ఉదాహరణకి, 00 నుంచి 29 వరకు ఉంటే 2000ల్లో ఉన్నట్టు, 30 నుంచి 99 వరకు ఉంటే 1900ల్లో ఉన్నట్టు. డేటా ముట్టుకోకుండా ఒక షరతు రాస్తే చాలు. ఆ రోజుకి గండం గడుస్తుంది. ఆ ప్యాచ్ ఇంకా నడుస్తుంటే మాత్రం 2030లో మళ్లీ మొదటికొస్తుంది.

1999 డిసెంబర్ 31న అంకుల్ ఆఫీసులోనే ఉన్నారు. మన దగ్గర పన్నెండు కొట్టేసరికి అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఇండియాలో కరెంటు పోలేదు, ఫోన్లు పని చేస్తున్నాయి అని తెలిసి ఊపిరి పీల్చుకున్నారట. వాళ్ల అర్ధరాత్రి కూడా ఏమీ కాలేదు. తెల్లారి నుంచి జనం మొదలుపెట్టారు, అదంతా ఉత్త హడావిడి, డబ్బులు దండుకోవడానికి చెప్పిన కథ అని. "మనం పని మంచిగ చేస్తే ఏం కానట్టే కనపడ్తది. గదే ఈ ఉద్యోగం" అన్నారు అంకుల్.

తర్వాత ఆయన చెప్పింది నాకు బాగా తగిలింది. "కోడ్‌కు విండోయింగ్ చేసినట్టే నేను నా బతుకుకు గూడ చేసిన. ఈ ఒక్క రిలీజ్ అయినంక ఇంటికి పోత అనుకున్న. ఈ ఒక్క ప్రాజెక్ట్ అయినంక అమ్మతోని వారం రోజులు ఉంట అనుకున్న. అమ్మ పోయింది. నేను అంత్యక్రియలకు గూడ అందలే. ప్యాచ్ వేసుకుంట పోతే అసలు పని ఎవరు చేస్తరు?"

మన తరానికీ ఒక వై2కె ఉంది. కంప్యూటర్లలో 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. ఆ లెక్కని 32 బిట్లలో దాచిన సిస్టమ్స్‌లో 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం పొద్దున 8:44:07 దాటగానే చోటు అయిపోతుంది. 64 బిట్ టైమ్ వాడే కొత్త ఫోన్లకి ఈ బెడద లేదు. ఎక్కడో గోడకి బిగించి మర్చిపోయిన పాత డివైస్‌లకి ఉంది. మన సెట్టింగ్స్ కూడా అంతే. ఎప్పుడో ఒక రాత్రి చిరాకులో 'రిపీట్ కాలర్స్' ఆఫ్ చేస్తాం, మర్చిపోతాం. అది పేలే రోజు అది పేలుతుంది.

"ఏఐని లేపరు, నిన్ను లేపుతరు"

ఏఐ గురించి అడక్కుండా ఉంటానా? అడిగాను. ఆయన భయపడలేదు, వెక్కిరించలేదు కూడా. 1959లో కోబాల్‌ని డిజైన్ చేసినప్పుడే, ఇంగ్లిష్‌లా చదువుకునేలా ఉంటే మేనేజర్లకీ ప్రోగ్రామ్ అర్థమవుతుందని ఆశపడ్డారు. తర్వాత మౌస్‌తో లాగి స్క్రీన్‌లు తయారుచేసే విజువల్ బేసిక్ వచ్చింది. ఇప్పుడు 2022 నవంబర్‌లో వచ్చిన చాట్‌జీపీటీ, దాని వెనకే వచ్చిన కోడింగ్ ఏజెంట్లు. "ప్రతిసారి ఇగ ప్రోగ్రామర్ ఎందుకన్నరు. ప్రతిసారి పని పెరిగింది" అంటారు. పాత కోబాల్ కోడ్ ఇచ్చి ఏఐని అడిగి చూశారట. "మంచిగనే చెప్తది. కానీ రాత్రి రెండు గంటలకు సిస్టమ్ పడ్తే ఏఐని లేపరు, నిన్ను లేపుతరు. కోడ్ ఎవరు రాసిన్రని కాదు, తప్పు ఎవరి మీద పడ్తదో వాడే ఇంజినీర్."

ఇక్కడ అంకుల్‌తో నేను సగమే ఒప్పుకుంటాను. ఆయన తరానికి ఒక పని పోతే ఇంకో పని ఎదురొచ్చింది. వై2కె అయ్యాక ఇంటర్నెట్, తర్వాత మొబైల్, తర్వాత క్లౌడ్. ఇప్పుడు కాలేజీ నుంచి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏడాది తిరిగినా మొదటి ఆఫర్ కోసం చూస్తున్నారు. మా టీమ్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, నలుగురం అయ్యాం. ఏఐ ఉంది కదా, సరిపోతారు అన్నారు. కోడ్ రాయడం నిజంగానే తొందరగా అవుతోంది. మిగిలిన టైమ్ నాకు రాలేదు. ఇంకో సర్వీస్, ఇంకో అలర్ట్ లిస్ట్ వచ్చాయి. ఆరు వారాలకొకసారి వచ్చే ఆన్‌కాల్ నాలుగు వారాలకొకసారి అయ్యింది.

గంటల గొడవ కూడా ఇక్కడిదే. యువత వారానికి 70 గంటలు పని చేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 అక్టోబర్‌లో అన్నారు. 90 గంటలు అన్న ఎల్ అండ్ టీ ఛైర్మన్ మాట 2025 జనవరిలో ఎంత వైరల్ అయ్యిందో తెలిసిందే. లెక్క వేయండి. 70 గంటలంటే ఆరు రోజులకి పంచినా రోజుకి 11 గంటల 40 నిమిషాలు. పేట్ బషీరాబాద్ నుంచి వెళ్లొచ్చే రెండున్నర గంటలు కలిపితే 14 దాటింది. మిగిలిన పది గంటల్లోపే నిద్ర, తిండి, ఇల్లు, నాన్న. అంకుల్ మాట ఏంటంటే, "70 గంటలు నేను చేసిన. చివరి 20 గంటలల్ల రాసిన కోడ్‌ను సోమవారం కూసొని మళ్ల రాసిన."

2025 జులైలో మన ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనికి ఒప్పుకుంది. వారానికి పరిమితి మాత్రం 48 గంటలే, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ దిండు పక్కన ఫోన్ పెట్టుకుని, ఎప్పుడు మోగుతుందో అని సగం నిద్రపోయే రాత్రిని ఎన్ని గంటలని రాస్తారు?

నేనేం మార్చాను

మొదటి పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ, నాన్న, అంకుల్ నంబర్లని స్టార్ చేసి, డీఎన్‌డీలో స్టార్డ్ కాంటాక్ట్స్‌కి పర్మిషన్ ఇచ్చాను. రిపీట్ కాలర్స్ ఆన్ చేశాను. ఐఫోన్ వాడేవాళ్లకి ఫోకస్ సెట్టింగ్స్‌లో 'రిపీటెడ్ కాల్స్' ఉంటుంది, అక్కడ మూడు నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మోగుతుంది.

రెండోది, ఆఫీసు యాప్స్‌ని వేరు చేయడం. ఆండ్రాయిడ్‌లో 'వర్క్ ప్రొఫైల్' 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచే ఉంది. ఆఫీసు యాప్స్ అన్నీ వేరే అరలో ఉంటాయి. ఒక్క ట్యాప్‌తో ఆ అర మొత్తాన్ని ఆపేయొచ్చు, నోటిఫికేషన్లు రావు. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆ అరని మాత్రమే చెరిపేస్తుంది, మీ ఫొటోల జోలికి రాదు. సాధారణంగా దీన్ని కంపెనీ ఐటీ వాళ్లే సెటప్ చేస్తారు, అడగండి. కుదరకపోతే ఆండ్రాయిడ్ 15తో వచ్చిన 'ప్రైవేట్ స్పేస్' మీ ఫోన్‌లో ఉందేమో చూసుకోండి. దాన్ని లాక్ చేస్తే లోపలి యాప్స్ ఆగిపోతాయి. అందరూ పర్సనల్ యాప్స్ దాచుకోవడానికి వాడతారు. నేను ఆఫీసు యాప్స్‌ని లోపల పెట్టాను. ఆన్‌కాల్ లేని మూడు వారాలు అది లాక్‌లోనే ఉంటుంది. అదే నా సోమవారం టేబుల్.

మూడోది కష్టమైనది, మేనేజర్‌తో మాట్లాడటం. ఉద్యోగాలు పోతున్న టైమ్‌లో నోరు తెరవాలంటే భయమే. ఒట్టి చేతులతో వెళ్లలేదు. గూగుల్ ఇంజినీర్లు 2016లో 'సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్' అని ఒక పుస్తకం తెచ్చారు, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. ఒకే ఆఫీసులో ఉండే టీమ్ ఆన్‌కాల్ నడపాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలని, 12 గంటల షిఫ్ట్‌లో రెండు ఇన్సిడెంట్లకి మించకూడదని, ఆఫీసు టైమ్ దాటిన ఆన్‌కాల్‌కి సెలవో డబ్బో ఇవ్వాలని అందులో ఉంది. మా నాలుగు నెలల అలర్ట్స్ లాగ్ తీసి, వాటిలో నిజంగా రాత్రే చూడాల్సినవి ఎన్ని అని లెక్కపెట్టి చూపించాను. పదింటిలో ఏడు పొద్దున దాకా ఆగగలిగేవే.

ఏం సాధించాను? మనుషుల్ని పెంచలేదు. డబ్బు గురించి 'చూద్దాం' అన్నారు. కానీ డిస్క్ 80 శాతం లాంటి అలర్ట్స్ ఇప్పుడు రాత్రి మోగవు, పొద్దున మెయిల్‌లో వస్తాయి. రాత్రి లేచిన మర్నాడు లేటుగా లాగిన్ అవ్వొచ్చు. చిన్నదే, కానీ టీమ్‌లో నలుగురికీ నిద్ర దొరికింది. సెట్టింగ్స్‌తో నా ఫోన్‌ని కాపాడుకోగలను కానీ, రోటా మార్చాలంటే నలుగురం కలిసి అడగాల్సిందే. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని గంటల తర్వాత ఆఫీసుకి దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన పార్లమెంటులో సుప్రియా సూలే ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అప్పటిదాకా అడగడం మన పనే.

ఇకపై నా రివ్యూల్లో

అంకుల్ వాడేది ఆరేళ్ల పాత ఫోన్, బ్యాటరీ ఒకసారి మార్పించారు. సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆగిపోయాయి, అందులో బ్యాంకు యాప్ వాడొద్దని నేనే గొడవపడి ఆపించాను. ఆ ఒక్క విషయంలో నేను సీనియర్‌ని. ఇప్పుడు పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామంటున్నారు కాబట్టి, ఈసారి ఆయనకి అలాంటిదే చూసి పెడతాను. ఏడేళ్లు జేబులో ఉండే వస్తువు మన రాత్రుల్ని ఎలా చూసుకుంటుందో కొనే ముందే తెలియాలి కదా.

అందుకే ఇకపై నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో ఒక పేరా ఎక్కువ ఉంటుంది. డీఎన్‌డీ ఆన్ చేసి అమ్మతో రెండుసార్లు కాల్ చేయిస్తాను. మోగిందా లేదా? ఆఫీసు యాప్స్‌ని ఎన్ని ట్యాప్‌లలో ఆపగలిగాను? బ్యాటరీ, కెమెరాతో పాటు దానికీ మార్కులు వేస్తాను.

ఇప్పుడు మీ వంతు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి డు నాట్ డిస్టర్బ్ ఓపెన్ చేయండి. రాత్రి రెండింటికి ఆ గోడ దాటి మీ దగ్గరికి రాగలిగేది ఎవరు? ఇంట్లోవాళ్లా, ఆఫీసా? లిస్ట్‌లో ఎవరున్నారో చూసి కామెంట్‌లో చెప్పండి. ముందు అమ్మని స్టార్ చేసి, ఆ తర్వాత టైప్ చేయండి.